మేస్త్రీ మెడలోని పేరు

నలభై ఒకటో నంబరు చీటీ చేతిలో నలిగిపోతోంది, పదకొండుకి ఇంకా రెండు నిమిషాలుంది, పన్నెండుకి కౌంటరు మూసేస్తామని అద్దం మీద కాగితం అంటించి ఉంది, కాళ్ల దగ్గర కుక్క గడ్డం నేలకానించి పడుకుంది, దానికేం, దానికి హాయి. అతని చెవులు మాత్రం ఇంకా వేడిగానే ఉన్నాయి. కౌంటరు గుమాస్తా చేసింది పెద్ద నేరమేం కాదు, పైదేశం వెళ్లే ప్రతి జంతువుకీ చేసేదే చేశాడు: చేతిలో ఇమిడే యంత్రాన్ని కుక్క మెడ మీద అటూ ఇటూ తిప్పాడు, చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు పలికింది, పదిహేను అంకెలు వచ్చాయి, వాటిని కంప్యూటర్లో కొట్టాడు, వచ్చిన పేరుని హాలంతా వినేలా చదివాడు. చదివి, తలెత్తి, "ఈయన మీరేనా?" అన్నాడు. కాదన్నాడు అతను. "మరి మీరు కుక్కకి ఏమవుతారు?" అన్నాడు గుమాస్తా. మూడేళ్ల నుంచి దానికి రెండు పూటలా పళ్లెం పెడుతున్న మనిషి, వానలో కూడా గొడుగు పట్టుకుని దాన్ని వీధి చివరిదాకా తిప్పిన మనిషి, గొలుసుని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. వెనక పిల్లి బుట్టతో ఉన్నావిడ దగ్గింది, అది దగ్గో నవ్వో తెలియలేదు. చిప్పులో ఒక పేరుండి తీసుకెళ్లేవాడి పేరు ఇంకొకటైతే కుక్కని అమ్మకానికి తీసుకెళ్తున్నట్టు లెక్కట, దానికి వేరే కాగితాలు, వేరే ఆఫీసు, నెలల తరబడి ఎదురుచూపులు. పెద్ద డాక్టరమ్మ వచ్చి పాత రికార్డు తెరిచి చూస్తే తప్ప తాను సీలు వెయ్యలేనని చెప్పి, చీటీ చేతిలో పెట్టి, కూర్చోమన్నాడు.

రేపు ఈ ఆఫీసుకి సెలవు. ఎల్లుండి తెల్లవారుజామున విమానం. ఇవాళ ఈ గంటలో సీలు పడకపోతే కుక్క ఎక్కదు, కుక్క ఎక్కకపోతే తనూ ఎక్కడు, అదీ సంగతి. ఇన్ని తెలిసినా అతని బుర్ర విమానం మీద లేదు, ఆ పేరు మీదే ఉంది. ఆ పేరుని అతను నోటితో అనడు, మనసులో కూడా అనడు, మాస్టారు అంటాడు, అదీ తప్పనిసరైతేనే. బడిలో డ్రాయింగు చెప్పిన మనిషి, తన భార్యకి మొదటి భర్త, తను ఆ ఇంట్లో అడుగుపెట్టడానికి రెండేళ్ల ముందే నాలుగు రోజుల జ్వరంతో పోయినవాడు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. తనది కళ్లజోళ్ల పని, రోజుకి పాతిక జతల కళ్లు కొలుస్తాడు, ఆ చారెడు ఎంతో తనకన్నా బాగా ఎవరికి తెలుసు. బతికున్న మొగుడైతే ఏదో ఒకరోజు విసుక్కుంటాడు, పొట్ట పెంచుతాడు, తువ్వాలు మంచం మీద పడేస్తాడు, దగ్గుతాడు. పోయినవాడికి ఆ ఇబ్బంది లేదు, ముప్పై ఎనిమిదో ఏట నవ్వుతూ ఆగిపోయాడు, తను నలభై దాటి నలభై మూడులో పడ్డాడు, ఇప్పటికే ఆయన తనకి తమ్ముడి వరసయ్యాడు కాబోలు. బతికున్నవాడితో పోట్లాడొచ్చు, నలుగుర్లో నిలదీయొచ్చు, కనీసం ఎక్కడున్నాడో చూసి తప్పుకు తిరగొచ్చు. ఈయన ఎక్కడున్నాడో తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది, కుక్క మెడలో ఉన్నాడు.

దాని పేరు కూడా ఆయన పెట్టిందే. ఇంటి గోడకి ఆయన రంగు వేస్తుంటే చెయ్యంత కుక్కపిల్ల కింద కూర్చుని, తల ఒకసారి ఇటు ఒకసారి అటు వంచి, పని సరిగ్గా జరుగుతోందా లేదా అన్నట్టు చూస్తూ ఉందట, అందుకని మేస్త్రీ అన్నాడట. ఈ కథ ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, కొత్తవాళ్లు ఎవరొచ్చినా చెబుతుంది, చెప్పేటప్పుడు మధ్యలోనే నవ్వొచ్చేసి చివరిమాట తినేస్తుంది. తనూ ఆమెని నవ్వించాడు, నవ్వించలేదని కాదు, కానీ చివరిమాట తినేసేంత నవ్వు ఎప్పుడూ రాలేదు. గోడ మీద ఆ రంగు ఇంకా అలాగే ఉంది, లేత పసుపు. వెలిసిపోయింది మార్పిద్దామని రెండుసార్లు అన్నాడు, చూద్దామంది, చూస్తూనే ఉన్నారు.

పిల్లి బుట్టావిడ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ ఒళ్లో దిండంత దస్త్రం ఉంది. ఏ దేశానికండీ అని మొదలుపెట్టి, అడక్కుండానే తన కష్టాలన్నీ చెప్పుకొచ్చింది: ముందు చిప్పు, ఆ తర్వాతే పిచ్చికుక్క జబ్బు టీకా, తేదీలు తారుమారైతే టీకా వేయనట్టే, ఇరవై ఒక్క రోజులు ఆగాలి, రక్తం తీసి పైఊరి లాబుకి పంపాలి, లెక్క సరిపోతే అక్కడినుంచి మూడు నెలలు, చివర్లో కడుపులో పురుగుల మాత్ర, అదీ డాక్టరు ఎదుటే మింగించాలి, టైముతో సహా రాయించాలి. నా పెళ్లికి కూడా ఇన్ని కాగితాలు లేవండీ అంది. అతను ఊఁ కొట్టాడు. ఇవన్నీ అతనికి కంఠతా వచ్చు. భార్య పైదేశంలో ఉద్యోగానికి ముందుగా వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ తలుపు మీద జాబితా అంటించి వెళ్లింది, గుండ్రటి అక్షరాలతో, ఒకటి నుంచి పద్నాలుగు వరకూ. పద్నాలుగూ కుక్క గురించే. తన గురించి ఒక్కటంటే ఒక్కటి లేదు. పదిహేనో నంబరుగా మీరూ జాగ్రత్త అని రాస్తే కాగితం చాలదా, కింద జానెడు జాగా ఖాళీగా ఉంది. తను చంటిపిల్లాడు కాదు, వండుకోగలడు, బటన్లు కుట్టుకోగలడు, అది వేరే సంగతి. ఆ ఖాళీ జాగాని రోజూ పొద్దున పాలు తీసేటప్పుడల్లా చూశాడు, రెండు నెలలు.

తొమ్మిదో నంబరు చూసిన రోజు మాత్రం అన్నం సహించలేదు. విమానంలో పెట్టే పెట్టెకి బోలెడు కొలతలున్నాయి, కుక్క నిలబడితే తల పైన తగలకూడదు, లోపల చుట్టూ తిరగగలగాలి, తలుపుకి నీళ్ల గిన్నెలు రెండు తగిలించాలి, మత్తుమందు ఇవ్వకూడదు, బెంగపెట్టుకోకుండా బాగా తెలిసిన మనిషి వాసన ఉన్న బట్ట ఒకటి పరచాలి. అక్కడివరకూ బాగానే ఉంది. ఆమె రాసింది ఏమిటంటే, బీరువా కింది అరలో బూడిదరంగు స్వెట్టరు ఉంది, అది వెయ్యండి, ఉతకొద్దు. ఎవరి స్వెట్టరో రాయలేదు, రాయక్కర్లేదు. కింది అరలో అలాంటిదొకటి ఉందని కూడా తనకి తెలియదు, మూడేళ్లుగా అదే బీరువాలోంచి చొక్కాలు తీసుకుంటున్నాడు. బాగా తెలిసిన మనిషంటే తను కాడా అని పట్టుదల పట్టి, అద్దాలు అరగదీసే సానరాయి దగ్గర మూడు రోజులు వేసుకున్న తన చొక్కాని పెట్టెలో పరిచాడు. మేస్త్రీ వచ్చింది, వాసన చూసింది, కాలరు నోట కరుచుకుని చొక్కాని బయటికి లాగింది, జాగ్రత్తగా పక్కన పెట్టింది, వెళ్లి ఉత్త ప్లాస్టిక్ మీద పడుకుంది. చించి పోగులు పెట్టినా ఇంత అవమానంగా ఉండేది కాదు. మర్నాడు స్వెట్టరు వేశాడు. వెయ్యడానికి ముందు తలుపు దగ్గరికి వేసి, ఎవరూ లేని ఇంట్లో ఎవరో చూస్తారన్నట్టు, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అయిదేళ్ల తర్వాత మనిషి వాసన ఏముంటుంది, అంతా కుక్క వాసనే. అయినా కడుపు మండింది.

పొద్దున ఏడింటికి ఫోను వస్తుంది. అక్కడ ఆమెది ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేసే ఉద్యోగం, డ్యూటీకి వెళ్లే ముందు చేస్తుంది. తెర మీద ఆమె ముఖం రాగానే అతను జుట్టు సర్దుకుంటాడు, ఆమె ఎక్కడ వాడు అంటుంది. వాడు తిన్నాడా, ఎంత తిన్నాడు, గిన్నె చూపించండి, వాడి కాళ్లు చూపించండి, ఆ కుడికాలి గోరు విరిగినట్టుందే, కుంటుతున్నాడా, ఒకసారి నడిపించండి. అతను ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గొలుసు పట్టుకుని వరండాలో కుక్కని అటూ ఇటూ నడిపిస్తాడు, సంతలో బేరానికి తెచ్చినట్టు. ఒకరోజు అద్దం అంచు కోసుకుని అతని బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ వేలితోనే, కట్టుతోనే, కుక్క చెవి మడిచి లోపల చూపించాడు. చెవి శుభ్రంగా ఉందంది. వేలి గురించి ఆమె అడగలేదు, తనూ చెప్పలేదు, అడిగితే చెబుదామని ఆ వారమంతా కట్టు కాస్త పెద్దదిగానే కట్టుకున్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. కాకిని అని లాభం లేదు. అతనికి కోపం కుక్క మీద కూడా కాదు, దాని తప్పేముంది. ఆమె కుక్క గురించి అడిగితే మాస్టారి గురించి అడిగినట్టే అన్న లెక్క ఒకటి అతని మనసులో ఎప్పుడో పడిపోయింది, ఇక దాన్ని ఎవరు చెరపగలరు.

పిల్లి బుట్టలోంచి అరిచింది. మేస్త్రీ ఒక కన్ను తెరిచి చూసి, ఇది మన స్థాయికి తగిన గొడవ కాదన్నట్టు మళ్లీ మూసుకుంది. ముట్టె చుట్టూ నెరిసింది దానికి. ఏడేళ్లు. అంటే మాస్టారి దగ్గర రెండేళ్లు, ఆమె ఒక్కర్తీ ఉన్న రెండేళ్లు, తన దగ్గర మూడు. లెక్క ప్రకారం తనదే ఎక్కువ. లెక్కల ప్రకారం జరిగితే లోకం ఇలా ఎందుకుంటుంది.

ఆ ఒక్కర్తీ ఉన్న రెండేళ్లలోనే ఆమె తన కళ్లజోళ్ల కొట్టుకి వచ్చింది. చేతిలో మగవాళ్ల ఫ్రేము, నల్లటిది, ఎడమ కాడ కాస్త వంగినది, ఇందులో నా పవరు అద్దాలు పడతాయా అని అడిగింది. పడవండీ అని ఒక్క మాట అనుంటే పోయేది, ఊళ్లో ఎవరడిగినా అదే చెబుతాడు, వేరే ముఖానికి చేసిన ఫ్రేము, కంటికీ కంటికీ మధ్య దూరం కలవదు. తన పనితనమే తన కొంప ముంచింది. రెండు రాత్రుళ్లు కూర్చుని అంచులు అరగదీసి, కాడ సరిచేసి, వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాడు. ఆమె పెట్టుకుంది. పెట్టుకుని, అద్దంలో చూసుకోకుండా, ఎదురుగా ఉన్న తన వైపు చూసింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తను అప్పుడే పడిపోయాడు. తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకుని ముచ్చటపడ్డాడు కూడా. పెళ్లయిన ఆరునెలలకి ఒక మధ్యాహ్నం కొట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి తట్టింది, ఆమె తనని స్పష్టంగా చూసిన మొదటి చూపు మాస్టారి కళ్లజోడులోంచి చూసిందే. ఆ తర్వాత ఆమెకి మూడు ఫ్రేములు చేశాడు, మూడోది ఈక బరువు కూడా ఉండదు. బయటికి వెళ్లేటప్పుడు అవే పెట్టుకుంటుంది, పాపం. చదువుకోడానికి మాత్రం ఆ నల్లదే.

ఒక్కడే వెళ్లిపోతే? ఈ ఆలోచన ఇప్పుడు పుట్టింది కాదు, గుమాస్తా పేరు చదివినప్పుడే తోక ఊపుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఊరిబయట కుక్కల్ని ఉంచుకునే చోటొకటి ఉంది, మంచివాళ్లే, పెద్ద ఆవరణ. కాగితాలు కుదరలేదు, రూల్సు ఒప్పుకోలేదు, నేనేం చెయ్యను అంటే ఎవరు కాదంటారు. అబద్ధం కూడా కాదు. మూడు నెలలో ఆరు నెలలో ఆమె, తను, ఒక కొత్త ఇల్లు, గోడలకి తను వేయించిన రంగు. పొద్దున్నే లేచి ఆమె మొదట అడగాల్సింది తననే, అడగడానికి ఇంకెవరూ ఉండరు కాబట్టి. కళ్లు మూసుకుంటే ఆ వంటింట్లో రెండు కప్పులు కనబడ్డాయి, కింద నేల మీద గిన్నె లేదు. ఎంత సుఖంగా ఉందో ఆ నేల. వెంటనే సిగ్గేసింది, సిగ్గేసినా కళ్లు తెరవలేదు, ఇంకాసేపు అక్కడే కూర్చున్నాడు.

అయినా పేరు ఎందుకు మార్చలేదు ఆమె? టీకా పుస్తకంలో యజమాని అని ఆమె తన సొంత పేరు రాయించుకుంది, మా ఆయన కుక్కని తీసుకొస్తారని సంతకం పెట్టిన ఉత్తరం పంపింది, అన్నీ పద్ధతిగా చేసే మనిషి, కరెంటు కనెక్షను దగ్గర్నుంచి లైబ్రరీ కార్డు దాకా అన్నిటి మీదా మాస్టారి పేరు తీసేయించింది, తను ఎదురుగా ఉండగానే, ఒక్క కన్నీటిచుక్క లేకుండా. ఇదొక్కటే ఉంచుకుంది. ఎవరికీ కనపడని చోట, చర్మం కింద. తెలిసే ఉంచుకుంది. ఇల్లు మీది, బీరువా మీది, నేను మీదాన్ని, ఈ ఒక్క చోటు మాత్రం ఆయనది అనుకుని ఉంటుంది. ఆమె రోజూ సాయంత్రం కుక్క మెడ నిమురుతుంది. ఎక్కడ నిమురుతుందో ఇప్పుడు గుర్తొస్తోంది, రెండు భుజాల మధ్య, సరిగ్గా గుమాస్తా యంత్రం పలికిన చోట. మూడేళ్లుగా తన కళ్లముందే నిమురుతోంది.

తను మాత్రం ఏం తక్కువ తిన్నాడు. తన దగ్గరా ఒక రహస్యముంది. ఆ ఇంటికి మాస్టారి పేరు మీద ఇంకా ఉత్తరాలు వస్తాయి. రంగులమ్మే కొట్టువాడు ఏటేటా పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుతాడు, ఆ కార్డు మీద కుంచె బొమ్మ. పాత విద్యార్థుల సంఘం, బొమ్మల పత్రిక, ఏవో ఆఫీసుల పొడుగాటి కవర్లు. తను ఆమెకన్నా గంట ముందు ఇంటికొస్తాడు, ఉత్తరాల పెట్టె తాళం తన దగ్గరే. ఆ పేరు కనపడితే చాలు, కవరు విప్పడు, లోపల ఏముందో చూడడు, నిలువునా రెండు ముక్కలు చేసి, వంటింటి చెత్తబుట్టలో టీ పిప్పి కింద తోసేస్తాడు. మొదటిసారి చేసినప్పుడు గుండె దడదడలాడింది, తర్వాత అలవాటైపోయింది, ఇంకా తర్వాత అదొక తృప్తి అయింది, చెయ్యి కడుక్కుని టీ పెట్టుకునేవాడు. ఇది మంచి పని కాదని తెలుసు. చదివితే చెడ్డపని గానీ చదవకుండా చింపితే ఎవరికి నష్టం అని సర్దిచెప్పుకునేవాడు, పోయినవాడికి ఉత్తరాలతో ఏం పని.

పదకొండూ నలభైకి డాక్టరమ్మ వచ్చింది. అరవైకి దగ్గరున్న మనిషి, కళ్లజోడు ముక్కు కొసకి జారుతోంది, ముక్కు మీద ఆనే దిమ్మె ఒకటి వదులైంది, ఇంత గాభరాలోనూ అతని వేళ్లు దాన్ని బిగించడానికి దురద పెట్టాయి. ఆమె అతన్ని బల్లకి ఇవతల నిలబెట్టి, కంప్యూటర్లో ఏదో తెరిచి, కిందికీ పైకీ జరిపి, అతని పేరడిగింది. చెప్పాడు. ఆమె మళ్లీ తెర వైపు చూసింది.

"మీ పేరు ఇక్కడుందే," అంది.

అతనికి అర్థం కాలేదు. ఆమె తెరని కాస్త ఇటు తిప్పి, వేలితో చూపిస్తూ, నిదానంగా చెప్పింది. మూడేళ్ల క్రితం పాత యజమాని భార్య ఆయన మరణపత్రం జతచేసి, చిప్పులో పేరు మార్చమని అర్జీ పెట్టింది. కొత్త యజమాని అన్న చోట ఆమె తన పేరు రాయలేదు, ఇతని పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. కొత్త యజమాని ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి కాబట్టి చిప్పుల్లో పేర్లు నమోదు చేసే రిజిస్ట్రీ వాళ్లు ఇంటికి కాగితం పంపారు. ముప్పై రోజులు చూశారు, జవాబు రాలేదు, అర్జీ మూసేశారు.

"మాకు ఏ కాగితమూ రాలేదండీ."

"చేరినట్టే ఉంది చూడండి. రికార్డులో ఉన్నది పాతాయన కదా, కవరు ఆయన పేరు మీదే వస్తుంది."

అర్జీ తేదీ వాళ్ల పెళ్లయిన పదకొండో రోజు. అతను ఆ తేదీని రెండుసార్లు చదివాడు. పదకొండో రోజు, అప్పటికి ఇంకా ఏ టూత్‌బ్రష్షు ఎవరిదో గుర్తుపెట్టుకుంటున్న రోజులు, కుక్క ఇంకా తనని చూసి గుర్రుమంటున్న రోజులు, అప్పుడే ఆమె వెళ్లి ఈ కాగితం నింపి వచ్చింది, చెప్పకుండా. తను చింపిన మొదటి కవరు ఎలా ఉందో గుర్తుతెచ్చుకోబోయాడు. పొడుగ్గా, కాస్త మందంగా. దడదడలాడిన గుండె గుర్తుంది, కవరు మాత్రం గుర్తు లేదు. డాక్టరమ్మ ఇంకా చెబుతోంది, అర్జీ పెట్టినావిడ ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నానని ఒక మెయిల్ పెడితే చాలు, తను మళ్లీ తెరుస్తుంది, ఇతను ఇక్కడే సంతకం చెయ్యొచ్చు, కానీ పన్నెండులోపు. పన్నెండుకి పదమూడు నిమిషాలుంది. అతను కిటికీ దగ్గరికి వెళ్లి ఫోను చేశాడు. మేస్త్రీ గొలుసు ఈడ్చుకుంటూ వెంట వచ్చింది.

ఆమె మొదటి రింగుకే ఎత్తింది. వాడికేమైంది అంది. ఏమీ కాలేదని, చిప్పులో పాత పేరుందని, అర్జీ సంగతి బయటపడిందని గబగబా చెప్పాడు. వినికిడి పరీక్ష చేసే గదిలో ఉన్నట్టుంది, ఆమె ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు.

"చిప్పు నంబరు కలిస్తే చాలు, పేరు చూడరనుకున్నాను," అంది. "అప్పుడు మీరే వద్దన్నారు కదా, మళ్లీ ఆ ఊసెత్తలేదు."

"నేనెప్పుడు వద్దన్నాను?"

"రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు. మర్నాడు పొద్దున బుట్ట తీస్తుంటే చూశాను. కాగితం వస్తే చూసి సంతోషపడతారని నేను చెప్పకుండా కూర్చున్నాను."

"చదవలేదు."

"చదవకుండా ఎవరైనా చింపుతారా?"

"కవరు మీద ఆయన పేరుంది."

ఎన్ని చింపారని ఆమె అడిగితే ఎన్ని చెప్పాలా అని అతను లెక్కపెట్టుకుంటున్నాడు. ఆమె అది అడగలేదు. వేరేదో చెప్పింది, మెల్లగా. మీకు వాడు వద్దనే అనుకున్నాను, నాతో వచ్చాడు కాబట్టి భరిస్తున్నారనుకున్నాను, ఇక్కడికొచ్చాక ఒక్క పూట ముద్ద దిగలేదు, వాడికి పెడుతున్నారో లేదో, కోపంలో చెయ్యి చేసుకుంటున్నారేమో, ఏ రోజైనా తలుపు తీసి వదిలేస్తారేమో అని, అందుకే రోజూ గిన్నె చూపించమనేదాన్ని, కాళ్లు చూపించమనేదాన్ని. మీ ముఖం వైపు చూస్తే ఆ అనుమానం ఎక్కడ కనిపెట్టేస్తారోనని చూసేదాన్ని కాదు అంది.

అరవై ఉదయాలు అతని కళ్లముందు వరసగా వచ్చి నిలబడ్డాయి, వరండా, గొలుసు, విరిగిన గోరు. ఆమె ప్రేమ అంతా కుక్క మీదే ఉందని తను కుళ్లి కుళ్లి చచ్చాడు. అది ప్రేమ కాదు, భయం, తనంటే భయం. ఇంతకన్నా ఆమె మాస్టారిని తలుచుకుంటూ కూర్చున్నా బాగుండేది, అదైతే తనకి అలవాటే. కింద చూశాడు. రెండు నెలల్లో ఒక్క రోజు కూడా దీనికి పూట తప్పించలేదు, దెబ్బ వెయ్యలేదు, ఆ మాట ఇప్పుడు గట్టిగా చెబుదామనుకుని, ఇందాక బెంచీ మీద కళ్లు మూసుకుని తను చూసుకున్న వంటిల్లు గుర్తొచ్చి, నోరు మూసుకున్నాడు.

"మెయిల్ పెడతాను," అంది ఆమె. "ముందు ఒక మాట చెప్పండి. వాడు మీ పేరు మీద ఉండటం మీకిష్టమేనా? మొహమాటానికి వద్దు."

"ఇంకొకరి పేరు మీద ఉండటం మాత్రం నాకిష్టం లేదు."

ఆమె నవ్వలేదు, ఏడవలేదు, సరేనంది, పెట్టేసింది. రెండు నిమిషాల్లో మెయిల్ వచ్చింది. డాక్టరమ్మ అర్జీ తిరిగి తెరిచి, ఒక కాగితం అచ్చుతీసి, అతని ముందు పెట్టి, కలం ఇచ్చింది. కింది గడిలో అతని పేరు, సంతకం. పై గడిలో పాత యజమాని పేరు, అది కూడా కొత్త యజమానే తన చేత్తో నింపాలి, ఎవరి దగ్గర్నుంచి తీసుకుంటున్నాడో తెలిసే తీసుకుంటున్నట్టు, రూలు అది. అతను కలం పట్టుకుని కాసేపు ఆగాడు. ఎప్పుడూ పలకని పేరు, ఎప్పుడూ రాయని పేరు. పంటి నొప్పి ఉన్నవాడు నమిలినట్టు గబగబా ఒక పక్కగా గిలికేశాడు. గిలికి చూశాడు. అందులో ఏ అక్షరమూ తెలియడం లేదు, చింపేసిన కవరులా ఉంది. గడియారం పన్నెండుకి నాలుగు నిమిషాలు చూపిస్తోంది, గుమాస్తా అప్పటికే సొరుగులకి తాళాలు వేస్తున్నాడు.

"ఇంకో కాగితం ఇస్తారా?" అన్నాడు.

డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది, ఇంకొకటి అచ్చుతీసి ఇచ్చింది. అతను వంగి, కొలత గీతలు గీసేటప్పుడు పట్టుకునే పద్ధతిలో కలం పట్టుకుని, ఇంటిపేరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అక్షరం విడివిడిగా, గీత దాటకుండా, ఆ పేరంతా రాశాడు. కింది గడికి వచ్చేసరికి టైము లేదు. తన పేరు గిలికేశాడు, చదవగలిగేలా ఉంది చాల్లెమ్మని డాక్టరమ్మ సీలు వేసింది.